పాలు తోడుపెట్టేటప్పుడు ఒక వాక్యం

ఉదయం చదివిన బైబిల్ వాక్యం మధ్యాహ్నానికి గుర్తుండట్లేదా? దాన్ని ఇంట్లో ఏదో ఒక పనికి ముడిపెట్టి చూడండి. నేను మత్తయి 13:33ను పాలు తోడుపెట్టడంతో కలుపుకున్నాను. యేసు చెప్పింది మూడు కుంచాల పిండిలో దాచిన పుల్లని పిండి గురించి. మనింట్లో ఆ పని అర చెంచా పెరుగు చేస్తుంది. గోరువెచ్చని పాలలో కలిపి మూత పెట్టేస్తాం. మధ్యలో గిన్నె కదిపితే పెరుగు గట్టిగా తోడుకోదు. ప్రార్థన చేసి కూడా గంటకోసారి టెన్షన్ పడే నాకు ఆ మూత పెట్టిన గిన్నె ఎంతో నేర్పింది.

రోజుకు ఒక్క వాక్యం, ఒక్క పని చాలు. రాత్రి కుటుంబ ప్రార్థనలో పిల్లల్నీ అడగండి. మా చిన్నది చీపురు చూపించి, పోయిన నాణెం కోసం ఇల్లు ఊడ్చిన స్త్రీ కథంతా చెప్పేసింది.