పుస్తకం మూసినంక ఎంత మిగిలింది? ఇంటర్, డిగ్రీ పిల్లల కోసం చదువుడు గురించి జర ముచ్చట

హన్మకొండ నయీంనగర్ దిక్కు హాస్టళ్ళల్ల పొద్దుగాల స్టడీ అవర్ టైంల చూస్తే అందరు పుస్తకం పట్టుకొనే ఉంటరు, మార్కర్‌తోటి పేజీ మొత్తం పచ్చగ చేస్తరు, ఒకటే చాప్టర్ మూడోసారి నాలుగోసారి తిప్పుతరు, కండ్లకు ఆ పేజీ అలవాటైపోయి అంత వచ్చినట్టే అనిపిస్తది, తీరా స్లిప్ టెస్ట్‌ల పేపర్ ముందలికి వచ్చినంక పెన్ను కదలదు. తెలివి లేక కాదు, చూసి గుర్తుపట్టుడు వేరే, చూడకుంట చెప్పుడు వేరే. సార్ బోర్డు మీద లెక్క చేస్తుంటే తల ఊపుడు, బాయి గట్టు మీద కూసోని ఈత చూసుడు రెండు ఒక్కటే.

అందుకే ఫస్ట్ పని, ఒకసారి శ్రద్ధగ చదివినంక పుస్తకం మూసేసి తెల్లకాగితం మీద గుర్తున్నదంత రాయాలె, తప్పులు పోయినా సరే, ఆగినకాడ ఆగినా సరే, తర్వాతనే పుస్తకం తెరిచి ఏం విడిచిపెట్టిన్నో వేరే రంగు పెన్నుతోటి రాసుకోవాలె. ఇది నేను ఊకె చెప్తలేను, 2006ల రోడిగర్, కార్పికీ అని అమెరికాల ఇద్దరు సైకాలజిస్టులు కాలేజీ పిల్లలకు ఒక పాఠం ఇచ్చి కొందరితోటి రెండోసారి చదివించిన్రు, కొందరితోటి చూడకుంట గుర్తున్నది రాయించిన్రు. అయిదు నిమిషాలకు టెస్ట్ పెడితే మళ్ళ చదివినోళ్ళదే పైచేయి, కని వారం తర్వాత చూస్తే వాళ్ళకు 42 శాతమే గుర్తుంది, రాసినోళ్ళకు 56 శాతం. రేపొద్దున పరీక్ష ఉందని రాత్రంత తిప్పేటోడికి ఎందుకు బానే అనిపిస్తదో, నెల తిరిగేసరికి ఎందుకు ఏం మిగలదో దీంట్లనే సమజైతది.

మరిచిపోవుడు గురించి ఎబ్బింగ్‌హౌస్ అనే జర్మనాయన 1885లనే తన మీద తనే ప్రయోగాలు చేసుకొని రాసిండు, మొదట్ల జల్ది మరుస్తం, తర్వాత మెల్లగ. అందుకని ఇయ్యాల చదివింది రేపు ఒకసారి, మళ్ళ నాలుగైదు రోజులకు, మళ్ళ రెండు వారాలకు, ప్రతిసారి పుస్తకం మూసే గుర్తుచేసుకోవాలె. ఈ లెక్క రాతిమీద గీత ఏం కాదు, ముందు వెనక అయినా ఏం కాదు, ఒక్కరోజే ఆరు గంటలు కుక్కుకోకుంటె చాలు.

ఇగ ఎందుకు అని అడుగుడు. గ్రూప్స్‌కు ప్రిపేర్ అయ్యేటోళ్ళు కాకతీయుల చెరువులు అనంగనే పాకాల, రామప్ప, లక్నవరం అని బట్టీ కొడ్తరు, రెండు రోజులకు ఏది ఏ జిల్లనో కలిసిపోతది. అదే, మన దిక్కే ఇన్ని చెరువులు ఎందుకు అని ఒకసారి అడుగు. వాన ఎక్కువ జూన్ నుంచి సెప్టెంబర్ దాకనే, కింద గట్టి రాయి కాబట్టి నీళ్ళు లోపలికి ఎక్కువ ఇంకయి, గోదావరేమో మన పొలాలకన్న పల్లంల పారుతది, మరి గుట్టల నడుమ కట్ట పోసి ఆపుకోకుంట వరి ఎట్ల పండిస్తరు? గిట్ల ఒక్కసారి కారణం దొరికితే పేర్లు దానికే అతుక్కుంటయి, 2015ల పాత చెరువులు బాగుచేసెతందుకు మిషన్ కాకతీయ ఎందుకు పెట్టిన్రో కూడ దానెంబడే వచ్చేస్తది.

అన్నిటికన్న కష్టమైంది, మనం నమ్మేదాన్ని మనమే పరీక్ష పెట్టుకునుడు. వాట్సాప్‌ల రామప్ప గుడి గురించి ఒక ముచ్చట తిరుగుతుంటది, 1213ల కట్టిన్రు, నీళ్ళ మీద తేలే ఇటుకలు వాడిన్రు, ప్రపంచంల శిల్పి పేరు మీద ఉన్న గుడి ఇదొక్కటే అని. మన పాలంపేట గుడి కాబట్టి సంబురపడి ఫార్వర్డ్ కొడ్తం. జర ఆగి చూస్తే అండ్ల మూడు మాటలున్నయి, మూడింటికి మూడు తీర్ల సాక్ష్యం కావాలె. సంవత్సరం సంగతి శాసనంల దొరుకుతది, కని అది గుడి మొదలైన ఏడు, పని ఇంచుమించు నలబై ఏండ్లు సాగిందని యునెస్కో పేజీల ఉంటది, 2021ల వారసత్వ జాబితాల చేర్చింది వాళ్ళే గదా. ఇటుక తేలుతదా లేదా అన్నది శాసనం చదివితే తెల్వది, నీళ్ళల్ల వేస్తే తెలుస్తది, నీళ్ళకన్న తక్కువ సాంద్రత ఉంటే తేలుతది, ఇది తొమ్మిదో తరగతి ఫిజిక్సే. ఇగ మూడోది, ఇదొక్కటే అనాల్నంటే ప్రపంచంల ఉన్న గుళ్ళన్ని వెతికి ఉండాలె, ఎవరు వెతికిన్రు? అబద్ధమని నేను అంటలేను, రుజువు అంత సులువు కాదంటున్న. ఒకే వాక్యంల ఒకటి నిజం తేలింది కాబట్టి మిగిలినయి గూడ నిజమే అనుకునుడు దగ్గర్నే మనం దొరికిపోతం. న్యూస్ పేపర్ అయినా, ఏఐ ఇచ్చిన జవాబైనా, ఆఖరికి గైడ్‌ల ఉన్న కీ అయినా ఇట్లనే ముక్కలు చేసి చూడాలె.

మాక్ టెస్ట్ రాసేటప్పుడు ఇంకో పని చెయ్యిర్రి, ప్రతి జవాబు పక్కకు పక్కా వచ్చా, డౌటా, గాలికి పెట్టిన్నా అని చిన్న గుర్తు పెట్టుకోర్రి. పేపర్ దిద్దుకున్నంక మార్కులకన్న ముందుగాల పక్కా అనుకొని తప్పు పోయినయి చూడాలె, మనకు వచ్చనుకుంటున్న రాని సబ్జెక్ట్ అంత అక్కడ్నే దాక్కొని ఉంటది. ఈ గుర్తులు పరీక్షల గూడ పనికొస్తయి, ఎప్‌సెట్‌ల 160 బిట్లకు నెగెటివ్ మార్కులు లేవు కాబట్టి గాలికి అయినా అన్ని పెట్టి రావాలె, జేఈఈ మెయిన్స్‌ల తప్పుకు ఒక మార్కు కోస్తరు, అక్కడ డౌట్‌వి రెండు ఆప్షన్లు కొట్టేసినంకనే ముట్టాలె.