తుపాకీ బోరు మార్చాలనిపిస్తోందా? ముందు లక్షణం చూసి కారణం పట్టుకోండి

అనంతపురం, కర్నూలు, కడప జిల్లాల్లో లైసెన్సు తుపాకీ అంటే చాలా ఇళ్లలో పన్నెండు బోరు డబుల్ బ్యారెలే. భుజం నొప్పి పుట్టినా, గురి తప్పినా, తూటా ఇరుక్కున్నా "బోరు మార్చాలబ్బా" అనేస్తారు. తప్పు బోరుది కావడం తక్కువ. తూటా, చోక్ (గుండ్లు ఎంత వెడల్పుగా చల్లాలో తేల్చే గొట్టం మూతి బిగువు), స్టాక్ (భుజానికి ఆనించే వెనక భాగం), శుభ్రత, ఈ నాలుగూ చూశాకే బోరు మాట ఎత్తాలి.

బోరు లెక్క ఇది. ఒక పౌను సీసాన్ని, అంటే 454 గ్రాములను, పన్నెండు సమాన గుండ్లు చేస్తే ఒక్కో గుండు ఎంత లావుంటుందో అదే పన్నెండు బోరు గొట్టం లోపలి కొలత: 18.5 మిల్లీమీటర్లు. 16 బోరుకు 16.8, 20 బోరుకు 15.6, 28 బోరుకు 14. అంకె పెరిగేకొద్దీ గొట్టం సన్నబడుతుంది. 410 ఒక్కటే ఈ లెక్కలో లేదు. అది 0.410 అంగుళం, అంటే 10.4 మిల్లీమీటర్లు.

చట్టం సంగతి కూడా ముందే చెప్పాలి. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చాక, అందులోనూ 1991 సవరణ తర్వాత, మన దేశంలో సరదా వేటకు చోటు లేదు. ఇక్కడ తుపాకీకి మిగిలిన పనులు మూడు: క్లే షూటింగ్ (గాల్లోకి విసిరిన మట్టి బిళ్లలను కొట్టే ఆట), ఇంటి రక్షణ, రాతపూర్వక అనుమతి ఉన్నప్పుడు పంట రక్షణ.

లక్షణం: రెండు తూటాలకే భుజం కమిలిపోతోంది

"పన్నెండు పెద్దది, ఇరవై తీసుకుంటే తన్నదు" అనే మాట సగమే నిజం. తుపాకీ ఎంత తన్నుతుందో తేల్చేవి రెండు: తూటాలోంచి బయటికి పోయే బరువు, తుపాకీ సొంత బరువు. 3.2 కిలోల పన్నెండు బోరులో 28 గ్రాముల లోడు, 2.7 కిలోల ఇరవై బోరులో అదే 28 గ్రాముల లోడు అదే వేగంతో పేల్చి చూడండి. ఇరవై బోరే గట్టిగా తన్నుతుంది. ఇరవై బోరు తుపాకులు సాధారణంగా తేలిగ్గా చేస్తారు కాబట్టి ఇది తరచూ ఎదురయ్యేదే.

అందుకని ముందు పెట్టె మీద గ్రాములు చదవండి. 32 గ్రాముల తూటా వాడుతుంటే 28కి, దొరికితే 24కి దిగండి. తర్వాత స్టాక్ చూడండి. తుపాకీ ఖాళీగా ఉందని రెండుసార్లు చూసుకుని, స్టాక్ మడమను మోచేతి మడతలో ఆనించి, వేలు ట్రిగ్గర్ దాకా అందుతుందో లేదో గమనించండి. వేలు అందడానికి లాగాల్సి వస్తే స్టాక్ పొడవు. పొడవైన స్టాక్ భుజం గుంటలో కూర్చోదు, చేయి కండ మీద కూర్చుంటుంది. కమిలేది అందుకే. లైసెన్సున్న మెకానిక్ దగ్గర స్టాక్ సరిచేయించి రబ్బరు ప్యాడ్ వేయిస్తే చాలామందికి బాధ తీరిపోతుంది. అప్పటికీ తట్టుకోలేని సన్నటి ఒంటివాళ్లకు ఇరవై బోరు మంచి ఎంపికే, తేలిక తూటాలతో వాడితే.

లక్షణం: గురి సరిగ్గా ఉంది, దెబ్బ తగలడం లేదు

దీన్ని ఊహతో తేల్చకండి, కాగితం మీద తేల్చండి. రేంజిలో పెద్ద కాగితం కట్టి 36 మీటర్ల నుంచి ఒక్క తూటా పేల్చండి. పెల్లెట్లు, అంటే తూటాలోని చిన్న గుండ్లు, ఎక్కువగా పడిన చోటు చుట్టూ 75 సెంటీమీటర్ల వ్యాసంతో వృత్తం గీసి, లోపల ఎన్ని పడ్డాయో లెక్కపెట్టండి. తూటాలో ఉన్న మొత్తంలో దాదాపు 70 శాతం లోపల పడితే అది ఫుల్ చోక్, 60 అయితే హాఫ్, 40 అయితే చోక్ లేని సిలిండర్. పాత డబుల్ బ్యారెల్‌లో సాధారణంగా కుడి గొట్టం వెడల్పుగా, ఎడమ గొట్టం బిగువుగా చల్లుతుంది. దగ్గరి క్లేను ఎడమ గొట్టంతో కొడుతూ బోరును తిట్టుకుంటే లాభం లేదు.

వృత్తంలో ఒక పక్క గుంపుగా పడి మరో పక్క ఖాళీగా ఉంటే తూటా కంపెనీ గానీ, పెల్లెట్ నంబరు (అంటే దాని సైజు) గానీ మార్చి మళ్లీ చూడండి. ఒక్కో గొట్టానికి ఒక్కో తూటా నప్పుతుంది.

లక్షణం: తగులుతోంది, దెబ్బకు బలం లేదు

ఎక్కువమంది పొరపడేది ఇక్కడే. ఆరో నంబరు పెల్లెట్ పన్నెండు బోరు నుంచి వచ్చినా, ఇరవై బోరు నుంచి వచ్చినా, బయలుదేరిన వేగం ఒకటే అయితే దాని బలం కూడా ఒకటే. లావు బోరు తీసుకుంటే పెరిగేది పెల్లెట్ల సంఖ్య. ఇంగ్లీషు కొలతలో ఆరో నంబరైతే 28 గ్రాముల్లో సుమారు 270 ఉంటాయి, 25 గ్రాముల్లో 235 దాకా ఉంటాయి. ఒక్కో పెల్లెట్ బలం పెరగాలంటే మార్చాల్సింది నంబరు. ఇక్కడ కూడా అంకె తగ్గితే పెల్లెట్ పెద్దదవుతుంది. తొమ్మిదో నంబరు స్కీట్‌కు, ఏడున్నర ట్రాప్‌కు (రెండూ క్లే షూటింగ్ పోటీలే). ఎల్‌జీ, ఎస్‌జీ అంటే ఎనిమిది తొమ్మిది మిల్లీమీటర్ల పెద్ద గుండ్లు.

లక్షణం: శనక్కాయ చేను పందులు దున్నేస్తున్నాయి, ఏ బోరు కొనాలి?

ఇది బోరుతో తీరే సమస్య కాదు. పంట పాడుచేస్తున్న అడవి పందిని కొట్టాలంటే వన్యప్రాణి చట్టంలోని 11వ సెక్షన్ కింద అటవీ అధికారి రాతపూర్వక అనుమతి కావాలి. చచ్చిన జంతువు ప్రభుత్వ ఆస్తి. కృష్ణ జింక, నెమలి ఆ చట్టంలో అన్నిటికంటే గట్టి రక్షణ ఉన్న ఒకటో షెడ్యూలులో ఉన్నాయి. పంట తిన్నాయన్న కారణానికి వాటిని కొట్టే అనుమతి ఉండదు. ఆలూరు, ఆస్పరి వైపు జింకల మందలతో రైతు పడే కష్టం నిజం. దానికి దారి అటవీ శాఖకు నష్టపరిహారం దరఖాస్తు, పొలం చుట్టూ సోలార్ కంచె. సోలార్ కంచె క్షణంపాటు తగిలే షాక్‌తో బెదరగొడుతుంది. లైను నుంచి నేరుగా తీగకు కరెంటు ఇవ్వడం నేరం, రాత్రి నీళ్లు కట్టడానికి పోయే మన మనిషే దానికి బలవుతాడు.

చిన్న పెల్లెట్లతో పందిని కొడితే అది చావదు, గాయంతో పొదల్లో దూరి రోజుల తరబడి నరకం చూస్తుంది, ఎదురొచ్చినవాళ్ల మీద పడుతుంది. అనుమతి వచ్చినా ఆ పని అనుభవమున్న షూటర్లకే వదలండి.

లక్షణం: తూటా వదులుగా ఉంది, జారిపోయింది, లేదా ఇరుక్కుంది

దీన్ని అన్నిటికంటే జాగ్రత్తగా చదవండి. ఇరవై బోరు తూటా పన్నెండు బోరు చాంబర్‌లో (గొట్టం వెనక తూటా కూర్చునే చోట) వేస్తే లోపలికి జారి కొంత దూరంలో గొట్టంలో ఆగిపోతుంది. బయటికి ఖాళీగా కనిపిస్తుంది. దాని వెనక పన్నెండు బోరు తూటా పెట్టి పేలిస్తే గొట్టం పగులుతుంది, గొట్టం పట్టుకున్న చేయి పోతుంది. ఇరవై బోరు తూటాలకు పసుపు రంగు వేసే అలవాటు వచ్చింది ఈ ప్రమాదం వల్లే. ఇంట్లో రెండు బోర్లుంటే రెండు తూటాలూ ఒకే సంచిలో, ఒకే జేబులో ఎప్పుడూ ఉండకూడదు.

బోరు ఒకటే అయినా చాంబర్ పొడవు వేరుగా ఉండవచ్చు. తాతల కాలపు తుపాకుల్లో చాలావాటికి 65 మిల్లీమీటర్లు, ఇప్పటి తూటా చాలావరకు 70. పొడవు తూటా పొట్టి చాంబర్‌లో పట్టేస్తుంది, అదే మోసం. పేలినప్పుడు దాని మూతి విచ్చుకోవడానికి చోటు చాలక ఒత్తిడి పెరిగిపోతుంది. గొట్టం అడుగున ఉన్న ప్రూఫ్ ముద్రలు (గొట్టాన్ని పరీక్షించి వేసినవి) మెకానిక్ చేత చదివించండి. గొట్టం మీద అలల్లాంటి చారలుంటే అది డమాస్కస్ రకం (ఇనుము, ఉక్కు పట్టీలు మెలితిప్పి అతికిన పాతకాలపు గొట్టం) కావచ్చు, ఇప్పటి తూటా అందులో వేయొద్దు.

ఎన్నికలప్పుడు స్టేషన్‌లో అప్పజెప్పిన తుపాకీ తిరిగొచ్చాక గొట్టం రెండు వైపుల నుంచీ వెలుతురుకు పెట్టి చూడండి. కుమ్మరి పురుగు మట్టిగూడు కట్టి ఉంటే అది కూడా అడ్డమే, అదే ప్రమాదం. కాగితపు తూటాలు చెమ్మకు ఉబ్బి ఇరుక్కుంటాయి. సుత్తితో కొట్టకండి, అలాంటివి పక్కన పెట్టి దుకాణదారుకు అప్పగించండి.

లక్షణం: తూటాలే దొరకడం లేదు

పాత 16 బోరు ఉన్నవాళ్ల బాధ ఇది. తుపాకీ ఎంత బాగున్నా తూటా దొరకకపోతే అది ఇనుపకడ్డీతో సమానం. కొత్తగా లైసెన్సు తీసుకునేవాళ్లు ముందు దుకాణంలో ఏ బోరు తూటా ఏడాది పొడవునా ఉంటుందో అడిగి, ఆ తర్వాతే తుపాకీ చూడండి. మన వైపు జవాబు పన్నెండే వస్తుంది. తాత తుపాకీ వారసత్వంగా వచ్చినా, మీ పేరున లైసెన్సు వచ్చేదాకా అది స్టేషన్‌లోనో లైసెన్సు డీలరు దగ్గరో ఉండాలి.

ట్రాప్, స్కీట్ మొదలుపెట్టే పిల్లలకు కూడా పన్నెండే చెబుతాను. అంతర్జాతీయ పోటీల్లో పన్నెండు కంటే లావు బోరు ఒప్పుకోరు, లోడు 24 గ్రాములే, కాబట్టి తన్ను తక్కువ.

అమెరికాలో లైసెన్సుతో వేటకు వెళ్లే మనవాళ్లకు లెక్క వేరు. పావురాలకు ఇరవై, చెయ్యి తిరిగినవాళ్లకు 28 సరిపోతాయి. బాతులకు అక్కడ 1991 నుంచి సీసం నిషేధం, స్టీలు వాడాలి. స్టీలు సీసం కంటే తేలిక కనుక రెండు నంబర్లు పెద్ద పెల్లెట్ కావాలి, పెద్ద పెల్లెట్లు తగినన్ని పట్టాలంటే తూటాలో చోటు కావాలి. బోరు పెంచడం నిజంగా పరిష్కారమయ్యేది అక్కడే: మూడు అంగుళాల చాంబరున్న పన్నెండు బోరు తీసుకోండి, పాత తుపాకీ అయితే స్టీలుకు పనికొస్తుందో లేదో తయారీదారును అడిగాకే వాడండి.