త్బిలిసీ నుంచి ఒక్క రోజులో: గోరిలో స్టాలిన్ మ్యూజియం, ఆతేనిలో వైన్

జార్జియా రాజధాని త్బిలిసీలో మెడిసిన్ చదువుతున్న పిల్లల్ని చూడ్డానికి వెళ్లే తెలుగువాళ్లకు అక్కడ ఉండేది నాలుగైదు రోజులే. అందులో ఒక రోజు సోవియట్ కాలపు కట్టడాలూ వైన్ తయారీ రెండూ చూడాలంటే తూర్పున ఉన్న వైన్ ప్రాంతం కాఖేతీకి కాకుండా పడమటి దారిలో స్టాలిన్ పుట్టిన ఊరు గోరికి వెళ్లండి. కాఖేతీలో వైన్‌కి కొదవలేదు గానీ రోజంతా దానికే సరిపోతుంది. గోరి సుమారు 85 కిలోమీటర్లు, హైవే మీద గంటంబావు. ఆతేని లోయ అక్కణ్నుంచి పది పన్నెండు కిలోమీటర్లే.

కట్టడాలూ మ్యూజియం ముందు, వైన్ చివర. ఈ వరస మాత్రం మార్చకండి. పొద్దున్నే తాగి మధ్యాహ్నం మ్యూజియానికి వెళ్తే మెట్లెక్కడమే కష్టం, గైడు చెప్పేది ఒక్క ముక్కా బుర్రకెక్కదు.

బండి విషయం. జార్జియాలో డ్రైవర్ రక్తంలో ఆల్కహాల్ 0.03 శాతం దాటకూడదు. మన దేశపు పరిమితి కూడా అంతే. రుచి చూసినంత మాత్రాన దాటిపోవచ్చు కాబట్టి సొంతంగా నడపాలనే ఆలోచన మానేసి డ్రైవర్‌తో సహా కారు మాట్లాడుకోండి. ఆగే చోట్లన్నీ ముందే రాసి పంపి, వెయిటింగ్‌తో కలిపి ఒకే రేటు ఒప్పుకోండి. పేచీ ఎక్కువగా వచ్చేది ‘ఆతేని కూడా ఉందని చెప్పలేదు కదా’ అన్న దగ్గరే. త్బిలిసీలోని దిదుబే బస్టాండు నుంచి గోరికి మినీబస్సులు చవగ్గా దొరుకుతాయి గానీ, ఆతేనికి మళ్లీ టాక్సీ పట్టుకోవాలి, సాయంత్రం తిరుగు బండి కోసం కాచుకోవాలి. గైడెడ్ టూర్ కొంటుంటే మ్యూజియం టికెట్టు, భోజనం, వైన్ రుచి రేటులో కలిసి ఉన్నాయా అని విడివిడిగా అడగండి.

తొమ్మిదికి బయల్దేరితే మొదట ‘క్రానికల్ ఆఫ్ జార్జియా’. 1953లో ఏర్పడిన త్బిలిసీ సముద్రం అనే జలాశయం పక్కన గుట్ట మీద ఉంటుంది. శిల్పి జురాబ్ త్సెరెతెలి 1985లో మొదలుపెట్టిన పని ఇది, పూర్తిగా ముగియనే లేదు. ముప్పై మీటర్లు దాటిన పదహారు స్తంభాల పైభాగాన రాజులూ రాణులూ, కింద క్రీస్తు జీవిత ఘట్టాలు. అరగంట చాలు. మెట్లు చాలా ఉన్నాయి, గాలి విపరీతం, టోపీ జాగ్రత్త.

ఊరు దాటేలోపు పాత రహదారుల మంత్రిత్వ శాఖ భవనం దగ్గర పావుగంట ఆగండి. 1975 నాటిది. పొడుగాటి కాంక్రీటు దిమ్మెల్ని అడ్డంగా నిలువుగా ఒకదాని మీద ఒకటి పేర్చినట్టుంటుంది, వాటి కింద నేలని చెట్లకి వదిలేశారు. ఇప్పుడది బ్యాంక్ ఆఫ్ జార్జియా ప్రధాన కార్యాలయం కాబట్టి బయటినుంచే చూడాలి. మరీ దగ్గరికెళ్తే ఆకారం అర్థం కాదు, దూరంగా నిలబడండి.

పదకొండున్నరకల్లా గోరి చేరొచ్చు. మ్యూజియానికి గంటన్నర పెట్టుకోండి. చూడాల్సినవి మూడు: 1957లో తెరిచిన ప్రధాన భవనం, స్టాలిన్ పుట్టిన చిన్న ఇల్లు, ఆయన ఆకుపచ్చ రైలు పెట్టె. ఇంటి మీద గుడి మండపం లాంటి కప్పు కట్టారు. ఆ ఇంట్లో కుటుంబం అద్దెకున్నది ఒక్క గదిలోనే. 83 టన్నుల బరువున్న ఆ పెట్టెలోనే స్టాలిన్ 1945లో యాల్టా సమావేశానికి వెళ్లాడు. పెట్టె లోపలికి వెళ్లడం టికెట్లో కలిసి ఉందో లేదో కౌంటర్లోనే అడగండి. ఇంగ్లిష్ గైడు ఎన్ని గంటలకో కూడా అక్కడే తెలుసుకోండి. గైడు లేకపోతే పై అంతస్తు వట్టి ఫొటోల వరస. చలికాలంలో లోపల కూడా కోటు విప్పలేరు.

ఈ మ్యూజియం చాలావరకు సోవియట్ కాలపు కథనాన్నే ఇప్పటికీ చెబుతుంది. స్టాలిన్ కాలపు నిర్బంధ శిబిరాలు, మరణశిక్షలు, కరువు గురించి దొరికేది అతి తక్కువ. దాన్ని చరిత్రగా కాక, ఆనాటి ప్రచారం ఎలా ఉండేదో చూపే నమూనాగా చూస్తేనే వెళ్లినందుకు ఫలితం. మన ఊళ్లలో స్టాలిన్ అని పేరు పెట్టుకున్నవాళ్లున్నారని సరదాగా చెప్పే ముందు ఎదుటివాళ్లెవరో చూసుకోండి. ఊరి నడిబొడ్డున ఉన్న స్టాలిన్ విగ్రహాన్ని 2010లో రాత్రికి రాత్రి తీసేసిన ఊరు ఇది. గర్వపడేవాళ్లూ మండిపడేవాళ్లూ ఒకే వీధిలో ఉంటారు.

భోజనం గోరిలోనే ముగించండి. ఖాళీ కడుపుతో వైన్ దగ్గరికి వెళ్లొద్దు. శాకాహారులకి లోబియో అనే చిక్కుడు గింజల కూర, అక్రోటు ముద్ద చుట్టిన వంకాయ, ఖాచపురి అనే చీజు రొట్టె సులభంగా దొరుకుతాయి. వంకాయ చల్లగానే ఇస్తారు, వేడిచేయమని అడగక్కర్లేదు. పాలు, గుడ్లు కూడా వద్దంటే ‘సమర్ఖ్వో’ అనండి. అది ఉపవాసపు వంట, వెంటనే అర్థమవుతుంది. కారం చాలకపోతే అజికా అనే మిరపకాయల పచ్చడి అడగండి.

ఆతేని దారిలో ఏడో శతాబ్దపు సియోని చర్చి ఉంది. తలుపు తీసి ఉంటే పావుగంట. ఆడవాళ్లు తల మీద చున్నీ వేసుకోవాలి.

లోయలో ఎక్కువగా ఉన్నవి ఇంటి వైన్ గదులు. చెప్పాపెట్టకుండా వెళ్తే ఎవరూ ఉండకపోవచ్చు. కనీసం రెండు రోజుల ముందు డ్రైవర్‌తోనైనా ఫోన్ చేయించి ఎంతమంది, అందులో తాగనివాళ్లెందరు, తలకి ఎంత, ఎన్ని రకాలు అన్నవి తేల్చుకోండి. జార్జియా కరెన్సీ ‘లారీ’ నగదుగా దగ్గరుంచుకోండి. ద్రాక్ష కోతల వేళ, అంటే సెప్టెంబరు చివర్నుంచి అక్టోబరు దాకా, చూడ్డానికి చాలా ఉంటుంది గానీ ఇంటివాళ్లకి తీరిక ఉండదు. అప్పుడు పులుస్తున్న క్వెవ్రి మీదకి వంగి వాసన చూడకండి. నేలలో పాతిన ఆ మట్టి కుండల మూతి దగ్గర కార్బన్ డయాక్సైడ్ పేరుకుని స్పృహ తప్పే ప్రమాదముంది.

ఇక్కడి ద్రాక్ష చినూరి, గోరులి మ్త్స్వానే. ఒకే చినూరిని తొక్కలతో నానబెట్టినదీ తొక్కలు తీసేసి పులియబెట్టినదీ పక్కపక్కన పోయమనండి. అంతకంటే మంచి పాఠం లేదు. తొక్కలతో చేసింది తేనె రంగులో, డికాక్షన్ ఎక్కువైన టీలా నాలుకని పట్టేస్తుంది. అది పాడైన వైన్ కాదు, తొక్కా గింజా ఇచ్చిన వగరు. రొట్టె, చీజుతో రెండో గుక్క తాగి చూడండి.

తాతల కాలపు తోట ఏమైందని అడగండి. సోవియట్ కాలంలో వైన్ పరిశ్రమంతా సామ్‌ట్రెస్ట్ అనే ప్రభుత్వ సంస్థ చేతిలో ఉండేది. ఐదొందలకు పైగా స్థానిక ద్రాక్ష రకాలున్న దేశంలో దిగుబడి ఎక్కువిచ్చే కొన్నిటినే పెద్దఎత్తున సాగుచేశారు. 1985లో మొదలైన సోవియట్ నేత గోర్బచెవ్ మద్య వ్యతిరేక ప్రచారంలో తోటలే పీకేశారు. 2006లో రష్యా జార్జియా వైన్‌ని నిషేధించాక తయారీదార్లు వేరే దేశాల మార్కెట్ల వైపు, నాణ్యత వైపు తిరగక తప్పలేదు. పొద్దున చూసిన మ్యూజియంలో దొరకని చరిత్రలో కొంత ఈ గదిలో వినొచ్చు.

ఆఖర్న చాచా పోస్తారు. ద్రాక్ష పిప్పి నుంచి దించిన సారా, ఒక్కోసారి 50 శాతం దాటుతుంది. ‘గౌమర్జోస్’ (చీర్స్) అని పెదవికి తాకించి పెట్టేయొచ్చు, ఎవరూ తప్పుపట్టరు. గ్లాసు ఖాళీ చేస్తే మాత్రం మళ్లీ నింపుతారు. ఐదుకి లేస్తే ఆరున్నర, ఏడుకల్లా త్బిలిసీ.

సీసాలు కొంటే లేబులూ సీలూ ఉన్నవే కొనండి. ప్లాస్టిక్ సీసాల్లో పోసిచ్చే ఇంటి వైన్ ఇంకా పులుస్తూ ఉంటే సూట్‌కేసులో కారిపోతుంది. స్టాలిన్ బొమ్మున్న సీసా కేవలం బొమ్మ కోసమే. చేతి సంచిలో విమానం ఎక్కనివ్వరు, బట్టల్లో చుట్టి చెక్-ఇన్‌లో వేయండి. ఇండియాలో సుంకం లేకుండా తెచ్చుకోగలిగేది మనిషికి 2 లీటర్లు. 750 మిల్లీలీటర్ల సీసాలు రెండయితే సరే, మూడోది పెడితే 2.25 లీటర్లు.