ఈడిపస్ నాటకం వేస్తున్నారా? ముందు కోరస్ సంగతి చూడండి

ప్రాచీన గ్రీకు నాటకకర్త సోఫోక్లిస్ 'ఈడిపస్ రాజు' వేసే ఔత్సాహిక బృందాలు రాజు వేషం మీద పెట్టే శ్రద్ధలో సగమైనా కోరస్ మీద, అంటే ఊరి జనం తరఫున కలిసి పలికే బృందం మీద పెట్టాలి. ప్రదర్శన జారిపోయేది చాలాసార్లు అక్కడే. సోఫోక్లిస్ కోరస్‌లో 15 మంది ఉండేవారు, మనకు ఏడెనిమిది మంది చాలు. అంతా మొదటినుంచి చివరిదాకా కలిసి పలికితే వెనక వరుసలకు మాటలు ముద్దగా చేరతాయి. పాఠాన్ని పంచండి: సందేహం, భయం ఒక్క గొంతుకి, వాదన ఇద్దరు ముగ్గురికి, థీబ్స్ ఊరంతా మొరపెట్టుకునే వాక్యాలు మాత్రం అందరికీ.

స్క్రిప్టులో ఊపిరి తీసుకోవాల్సిన ప్రతిచోటా గీత పెట్టండి. ముందున్న ఒకరు పక్కవాళ్లకు వినబడేలా ఊపిరి పీలిస్తే అదే అందరూ పలకడం మొదలుపెట్టడానికి గుర్తు, చేతి సైగ అక్కర్లేదు. తెలుగులో క్రియ వాక్యం చివర వస్తుంది. నటుల గొంతు సరిగ్గా అక్కడే దిగిపోతుంది. "తెగులు ఊరిని తినేస్తోంది" అన్నప్పుడు "తినేస్తోంది" వినబడకపోతే ఇక మిగిలిందేముంది? వారం పాటు గుసగుసగానే సాధన చేయించండి, ఒత్తులు తేటగా పలికాకే గొంతు పెంచండి.

అందరికీ కాలర్ మైకులు వద్దు. అన్నీ ఒకేసారి తెరిచి ఉంటే గొంతులు బోలుగా వినిపిస్తాయి. వేదిక ముందంచున రెండు మూడు మైకులు మేలు.

ఈడిపస్ తన కళ్లు తానే పొడుచుకుని వచ్చే చివరి రంగంలో కళ్ల నెత్తురుకి బేకరీ సామాన్ల షాపులో దొరికే లిక్విడ్ గ్లూకోజ్, ఎర్ర ఫుడ్ కలర్, చిటికెడు కోకో పొడి కలపండి. కోకో వేయకపోతే లైట్ల కింద గులాబీ రంగులో కనిపిస్తుంది. కంట్లోకి పోకుండా కింది రెప్పకు వేలెడు కిందనుంచి మొదలుపెట్టండి.