చెంగ్డూలో కాకా హోటల్ దొరకడం లేదా? సమస్య - పరిష్కారం

చైనాలోని చెంగ్డూ నగరానికి వెళ్లివచ్చిన మనవాళ్లలో కొందరు "పేరు గొప్ప, ఊరు దిబ్బ" అని పెదవి విరుస్తుంటారు. 2010లో యునెస్కో 'ఆహార నగరం' గుర్తింపు పొందిన ఊరది, ఆసియాలో ఆ గుర్తింపు దానికే మొదట దక్కింది. తిండికి లోటు లేదు, వెతికే తీరులోనే లోపం. మన కాకా హోటళ్ల లాంటివి అక్కడా ఉన్నాయి: ఇరుకు గది, నాలుగైదు బల్లలు, గోడ మీద ధరలు. స్థానికులు ముద్దుగా 'ఈగల హోటళ్లు' అంటారు.

ముందు ఒక్క పని చేయండి. మీరు వెళ్లదలచిన హోటల్ పేరు, చిరునామా మీ ఫోనులో చైనా లిపిలో ఉన్నాయా? లేకపోతే ఇక్కడే ఆగి, బస చేసిన చోట రిసెప్షన్‌లో అడిగి రాయించుకోండి. ఎన్నిసార్లు చెప్పినా జనం ఈ ఒక్కటి వదిలేసి, మిగతావన్నీ చేసి, ఆకలితో తిరిగి వస్తారు.

సమస్య 1: ఎక్కడ తిన్నా ఒకే రుచి, ధరలు మాత్రం మండిపోతున్నాయి

కారణం: ఇంగ్లీషులో వెతికారు. అలా వెతికితే తిప్పితిప్పి జిన్‌లీ, క్వాన్‌జాయ్ వంటి పర్యాటక వీధులకే చేరుస్తుంది. ఫొటోలకు అవి బాగుంటాయి.

పరిష్కారం: హోటళ్ల రివ్యూలు చూపే చైనా యాప్ డియాన్‌పింగ్‌లో చైనా లిపిలో వెతకండి. యూలిన్ లాంటి పాత నివాస ప్రాంతాలతో మొదలుపెట్టండి. మొత్తం రేటింగ్ తక్కువగా ఉందని దాటిపోవద్దు. రుచికి, పరిసరాలకు, సేవకు అందులో వేర్వేరు మార్కులుంటాయి. ఇరుకు గదికి పరిసరాల మార్కులు ఎలాగూ రావు. రుచి మార్కు, చివరి రివ్యూ తేదీ చూస్తే చాలు. మంచి రివ్యూ రాస్తే ఉచితంగా ఏదో ఒకటి వడ్డించే హోటళ్లూ ఉన్నాయి కనుక మరీ మెరిసిపోయే రేటింగునే నేను అనుమానిస్తాను.

సమస్య 2: మ్యాపు 'చేరుకున్నారు' అంటోంది, ఎదురుగా ప్రహరీ గోడ

నన్ను బాగా తిప్పిన సమస్య ఇది. చైనాలో గూగుల్ తెరుచుకోదని అందరికీ తెలుసు. కానీ మన సిమ్ రోమింగ్‌లో ఉంటే డేటా మన దేశం మీదుగా తిరిగి వస్తుంది కాబట్టి గూగుల్ మ్యాప్స్ చక్కగా తెరుచుకుంటుంది. బసలోని వైఫైలో మొరాయించినది వీధిలోకి రాగానే పనిచేస్తుంటే ఎవరైనా నమ్ముతారు. దెబ్బ తగిలేది అక్కడే.

చైనాలో ప్రజల కోసం వేసే మ్యాపుల్లో ఉపగ్రహాలు చెప్పే అసలు అక్షాంశ రేఖాంశాలు ఉండకూడదు. కావాలని కాస్త పక్కకు జరిపిన జీసీజే-02 లెక్కనే వాడాలి. ఈ తేడా చోటును బట్టి వంద మీటర్లు ఉండవచ్చు, ఐదు వందలూ ఉండవచ్చు. అన్నిచోట్లా ఒకేలా ఉండదు గనుక మనమే అంచనా వేసి సరిచేసుకోవడం కుదరదు. గూగుల్‌లో రోడ్ల గీతలు ఒక లెక్కలో, మీ ఫోను చుక్క ఇంకో లెక్కలో ఉంటాయి. పెద్ద మాల్‌కు వెళ్తుంటే ఈ తేడా తెలియదు, అది దూరం నుంచే కనిపిస్తుంది. పది అడుగుల వెడల్పు కూడా లేని దుకాణానికి మూడు వందల మీటర్లంటే వేరే వీధే.

పరీక్ష సులువు. మెట్రో స్టేషన్ ద్వారం బయట నిలబడి చుక్కను చూడండి. అది రోడ్డు అవతల అపార్ట్‌మెంట్ల మధ్య తేలుతుంటే రోగం ఇదే. ఫోను ఆపి మళ్లీ ఆన్ చేసినా, గాలిలో తిప్పినా లాభం లేదు. ఫోనులో లోపమేమీ లేదు.

పరిష్కారం: చైనా మ్యాపు యాప్‌లైన గావ్‌దె లేదా బైడూలో హోటల్ పేరును చైనా లిపిలోనే అతికించండి. గూగుల్ నుంచి తీసిన అక్షాంశ రేఖాంశాల అంకెలను అందులో పెట్టవద్దు, మళ్లీ తేడా రావచ్చు. ఐఫోన్‌లో వచ్చే మ్యాపు చైనాలో గావ్‌దె సమాచారంతోనే నడుస్తుంది కనుక దానితోనూ పని జరుగుతుంది.

చివరి యాభై మీటర్లకు మ్యాపు వదిలేసి, తలుపుల పైనుండే చిన్న నంబరు రేకులు చదవండి. ఒకే సముదాయం గోడకు వరుసగా ఉన్న దుకాణాలకు ఇంటి నంబరు ఒకటే ఉంటుంది, వెనక 'ఫు' అనే ఉపనంబరు మారుతుంది: 12 ఫు 3, 12 ఫు 4. అనువాదంలో ఆ చివరి అంకె రాలిపోతే గోడ పొడవునా నడవాల్సిందే.

సమస్య 3: చేరాను, కానీ షట్టర్ దించి ఉంది

మధ్యాహ్నం రెండు దాటాక చాలా చిన్న హోటళ్లు సాయంత్రం ఐదు వరకు తెరవవు. కొన్ని నూడుల్స్ దుకాణాలు ఆ రోజుకు ఇక తెరవనే తెరవవు. పదకొండున్నరకు వెళ్లండి. రాత్రి తొమ్మిదికి భోంచేసే మన అలవాటును ఇంట్లో వదిలి వెళ్లండి.

సమస్య 4: తిన్నాక డబ్బు వెళ్లడం లేదు

మన బ్యాంకు కార్డుల్లో విదేశీ లావాదేవీలు మనంతట మనం ఆన్ చేసేవరకు సాధారణంగా ఆగే ఉంటాయి. బయలుదేరే ముందే ఆన్ చేసి, కార్డును చైనా చెల్లింపుల యాప్ అలీపేకు జోడించండి. అప్పటికీ వెళ్లకపోతే గోడకు అంటించినది యజమాని వ్యక్తిగత క్యూఆర్ కోడ్ అయి ఉంటుంది. విదేశీ కార్డు దానికి చెల్లకపోవచ్చు. జేబులో పది, ఇరవై యువాన్ల నోట్లు ఉంచుకోండి.

సమస్య 5: శాకాహారం అన్నారు, మాంసం వచ్చింది

మాపో టోఫు అనే సోయా పనీరు కూరలో కీమా వేయడం అక్కడ మామూలే. బీన్స్ వేపుడులోనూ అంతే. 'వో చీ సూ' అంటే శాకాహారినని అర్థమవుతుంది, కానీ పంది కొవ్వుతో వేయించారా అన్నది వేరే ప్రశ్న, అదీ అడగాలి. పట్టింపు గట్టిగా ఉన్నవారు నేరుగా వెన్‌షూ బౌద్ధ విహారంలోని శాకాహార భోజనశాలకు వెళ్లడం మేలు.

విదేశీయులను లోపలికి రానివ్వరేమో, నీళ్లు పడవేమో వంటి భయాలు పక్కన పెట్టండి, మీ ఇబ్బందికి కారణం అరుదుగా తప్ప అది కాదు. చైనా కొత్త సంవత్సరం వారంలో వెళితే మాత్రం యజమానులు సొంతూళ్లకు వెళ్లిపోయి ఉంటారు. ఆ వారం మాల్‌లోనే తినండి.