గేమింగ్ పీసీకి సరైన పవర్ సప్లై ఎలా ఎంచుకోవాలి?

కొత్త గేమింగ్ పీసీకి పార్టుల జాబితా రాసుకునేటప్పుడు గ్రాఫిక్స్ కార్డు, ప్రాసెసర్ దగ్గర వారాల తరబడి ఆలోచిస్తారు, చివర్లో మిగిలిన డబ్బులకి ఏది వస్తే ఆ పవర్ సప్లై తీసేసుకుంటారు. దయచేసి అలా చేయకండి. గ్రాఫిక్స్ కార్డు పాడైతే సాధారణంగా అదొక్కటే పోతుంది. నాసిరకం పవర్ సప్లై పాడైతే మాత్రం పోతూ పోతూ మదర్‌బోర్డునీ, డ్రైవ్‌లనీ, మీరు అంత ఇష్టపడి కొన్న ఆ కార్డునీ కూడా తీసుకుపోవచ్చు. పైగా మంచి పీఎస్‌యూ (పవర్ సప్లై యూనిట్) ఒక్కసారి కొంటే రెండు మూడు బిల్డ్‌లకు పనికొస్తుంది, ప్రాసెసర్ మార్చినా కార్డు మార్చినా అది అలాగే ఉంటుంది. అందుకే నా సలహా ఒక్కటే: ఎక్కువ వాట్ల కోసం పెట్టే డబ్బుని నాణ్యత మీద పెట్టండి. ఎలాగో వరసగా చెప్తాను.

1. ముందు మీ పీసీ ఎంత లాగుతుందో లెక్క వేయండి

గేమింగ్ పీసీలో కరెంటు ఎక్కువగా తినేవి రెండే, గ్రాఫిక్స్ కార్డు, ప్రాసెసర్. మిగతావన్నీ, అంటే మదర్‌బోర్డు, ర్యామ్, ఎస్‌ఎస్‌డీలు, ఫ్యాన్లు, లైట్లు అన్నీ కలిపి 75 నుంచి 100 వాట్లు అనుకుంటే చాలు.

ప్రాసెసర్ విషయంలో డబ్బా మీద రాసిన టీడీపీ (ప్రాసెసర్ వేడికి కంపెనీ చెప్పే వాట్లు) అంకెని నమ్ముకోకండి. రైజెన్ 7 7800ఎక్స్3డీ టీడీపీ 120 వాట్లే, కానీ సాకెట్ నుంచి అది 162 వాట్ల వరకు లాగడానికి అనుమతి ఉంది. ఇంటెల్ కోర్ ఐ9-14900కే బేస్ పవర్ 125 వాట్లు, టర్బోలో, అంటే పూర్తి వేగంతో నడిచేటప్పుడు, 253. లెక్కలో వేసుకోవాల్సింది ఈ పెద్ద అంకెనే. గ్రాఫిక్స్ కార్డులకైతే స్పెసిఫికేషన్‌లో ఇచ్చిన పవర్ దాదాపు నిజమే: ఆర్‌టీఎక్స్ 4060కి 115 వాట్లు, ఆర్‌టీఎక్స్ 4070కి 200, ఆర్‌టీఎక్స్ 5070 టీఐకి 300, ఆర్‌టీఎక్స్ 5090కి ఏకంగా 575. ఓవర్‌క్లాక్ చేసి, అంటే మామూలు కంటే వేగం పెంచి అమ్మే మోడల్స్ ఇంకాస్త ఎక్కువ తీసుకుంటాయి.

ఒక ఉదాహరణ వేద్దాం. 7800ఎక్స్3డీకి 162, 5070 టీఐకి 300, మిగతా వాటికి 75 కలిపితే 537 వాట్లు. దీనికి పాతిక నుంచి ముప్ఫై శాతం కలుపుకుంటే 670–700 మధ్యలో వస్తుంది, కాబట్టి 750 వాట్ల పీఎస్‌యూ సరిపోతుంది. ఆ కార్డుకి ఎన్విడియా సూచించేది కూడా 750నే. అదే రైజెన్ 5 7600, 4060 ఉన్న బిల్డ్ అయితే 88కి 115, దానికి 75 కలిపి మొత్తం 278 వాట్లు. దీనికి 550 వాట్ల మంచి యూనిట్ ఉంటే రేపు ఇంకో మెట్టు పై కార్డు పెట్టుకున్నా టెన్షన్ ఉండదు. కార్డు కంపెనీలు చెప్పే అంకె ఎప్పుడూ కాస్త పెద్దగానే ఉంటుంది, ఎందుకంటే మీరు ఏ ప్రాసెసర్ పెడతారో, ఎలాంటి పీఎస్‌యూ కొంటారో వాళ్లకి తెలీదు.

మరి 1000 వాట్లది పెడితే కరెంటు బిల్లు పెరుగుతుందా? పెరగదు. పీసీ ఎంత అడిగితే పీఎస్‌యూ అంతే ఇస్తుంది. దానివల్ల హాని ఏమీ లేదు, కానీ 300 వాట్ల పీసీకి నాసిరకం 1000 వాట్లది కొనే బదులు అదే డబ్బుతో మేలైన 650 వాట్లది కొనుక్కోవచ్చు కదా. సగం లోడ్ దగ్గర ఎఫిషియెన్సీ (గోడ నుంచి లాగిన కరెంటులో పీసీకి చేరే వంతు) ఎక్కువ కాబట్టి రెట్టింపు సైజు కొనాలని చాలామంది చెప్తుంటారు. మంచి యూనిట్లలో సగం లోడ్‌కీ పూర్తి లోడ్‌కీ తేడా రెండు మూడు శాతమే, దానికోసం రెట్టింపు సైజు కొనక్కర్లేదు.

2. క్షణకాలపు స్పైక్‌లని లెక్కలోకి తీసుకోండి

గ్రాఫిక్స్ కార్డు సగటున 300 వాట్లు తీసుకుంటుందంటే ప్రతి క్షణం అంతే తీసుకుంటుందని కాదు. మిల్లీసెకన్ల కంటే తక్కువ సమయంలో అది తన రేటింగ్‌ని బాగా దాటి ఒక్కసారిగా లాగి మళ్లీ తగ్గిపోతుంది. 2020లో ఆర్‌టీఎక్స్ 3080, 3090 వచ్చినప్పుడు ఈ విషయం చాలామందికి తెలిసొచ్చింది: వాట్లు సరిపోయినా గేమ్ మధ్యలో పీసీ టప్పున ఆగిపోయేది, ఎందుకంటే ఆ స్పైక్‌ని చూసి పీఎస్‌యూలోని రక్షణ సర్క్యూట్ ప్రమాదం అనుకుని కట్ చేసేది.

దీనికోసమే ఇంటెల్ 2022లో పీఎస్‌యూల తయారీకి ఏటీఎక్స్ 3.0 ప్రమాణం తెచ్చింది. దీని ప్రకారం పెద్ద కార్డుల కోసం చేసిన పీఎస్‌యూ తన మొత్తం రేటింగ్‌కి రెట్టింపు లోడ్ 100 మైక్రోసెకన్ల పాటు వచ్చినా తట్టుకోవాలి. తర్వాత ఏటీఎక్స్ 3.1 వచ్చింది. ఇప్పుడు కొత్తగా కొనేవాళ్లు 3.1 ఉన్నది చూసుకోండి. ఇంట్లో పాత ప్రమాణంలోని మంచి యూనిట్ ఉంటే దాన్ని పారేయాల్సిన పనేమీ లేదు, పైన చెప్పిన ముప్ఫై శాతం బదులు నలభై యాభై శాతం వదులు ఉందో లేదో చూసుకుంటే సరిపోతుంది.

3. డబ్బా మీది పెద్ద అంకెని కాదు, పక్కనున్న లేబుల్‌ని చదవండి

ఇది రెండు నిమిషాల పని, కానీ నాసిరకం సరుకు ఇక్కడే దొరికిపోతుంది. ప్రతి పీఎస్‌యూకి పక్కన ఒక పట్టిక ఉంటుంది: 3.3 వోల్టులు, 5 వోల్టులు, 12 వోల్టులు, ఒక్కో దానికి ఎన్ని ఆంపియర్లో. ఈ రోజుల్లో ప్రాసెసర్, గ్రాఫిక్స్ కార్డు రెండూ 12 వోల్టుల మీదే నడుస్తాయి కాబట్టి మీకు కావాల్సింది ఆ గడి ఒక్కటే. ఆంపియర్లని 12తో గుణించండి. 750 వాట్ల మంచి యూనిట్ మీద 62 ఆంపియర్ల చుట్టుపక్కల ఉంటుంది, అంటే దాదాపు మొత్తం శక్తి 12 వోల్టుల మీద దొరుకుతుంది. డబ్బా మీద 600 వాట్లు అని రాసి, లేబుల్ మీద 12 వోల్టుల దగ్గర 30 ఆంపియర్లే ఉంటే మీ కార్డుకీ ప్రాసెసర్‌కీ కలిపి దొరికేది 360 వాట్లే. అలాంటిది ఎంత చవగ్గా వచ్చినా వద్దు. లేబుల్ ఫోటో ఎక్కడా పెట్టని మోడల్‌నీ వదిలేయండి.

ఇంకో అపోహ: ఎఫిషియెన్సీ 85 శాతం కాబట్టి 650 వాట్ల పీఎస్‌యూ నుంచి 550 వాట్లే వస్తాయని. కాదు, రాసినంతా ఇస్తుంది. నష్టం గోడ సాకెట్ వైపు ఉంటుంది. పీసీకి 500 వాట్లు కావాలంటే 90 శాతం ఎఫిషియెన్సీ ఉన్న యూనిట్ గోడ నుంచి సుమారు 556 వాట్లు లాగుతుంది, ఆ పై 56 వాట్లు వేడిగా పోతాయి.

4. 80 ప్లస్ గుర్తు ఏం చెప్తుందో, ఏం చెప్పదో తెలుసుకోండి

2004లో మొదలైన 80 ప్లస్ కార్యక్రమం కొలిచేది ఎఫిషియెన్సీని. 115 వోల్టుల పరీక్షలో సగం లోడ్ దగ్గర బ్రాంజ్‌కి 85 శాతం, గోల్డ్‌కి 90, ప్లాటినంకి 92, టైటానియంకి 94 శాతం రావాలి. 400 వాట్లు వాడే పీసీలో బ్రాంజ్‌కీ గోల్డ్‌కీ తేడా గోడ దగ్గర పాతిక వాట్లు. రోజూ గంటల తరబడి ఆడేవాళ్లకి అది లెక్కే, వారానికోసారి ఆడేవాళ్లకి పెద్దగా తెలీదు.

కానీ ఈ గుర్తు చూసి "ఇది నాణ్యమైనది" అనుకోకండి. వోల్టేజ్ ఎంత స్థిరంగా ఉంటుంది, రక్షణలు పనిచేస్తాయా, ఎన్నేళ్లు మన్నుతుంది, ఇవేవీ అది చెప్పదు. గోల్డ్ గుర్తున్న సాదాసీదా యూనిట్ కంటే బ్రాంజ్ గుర్తున్న గట్టి యూనిట్ మేలు కావచ్చు. సైబెనెటిక్స్ సంస్థ ఎఫిషియెన్సీతో పాటు శబ్దానికి కూడా విడిగా రేటింగ్ ఇస్తుంది, నిశ్శబ్దం ముఖ్యమనుకునేవాళ్లకి అది బాగా ఉపయోగపడుతుంది.

5. బ్రాండ్‌ని కాదు, మోడల్‌ని నమ్మండి

అన్నిటికంటే ఎక్కువ సమయం పెట్టాల్సింది ఇక్కడే. పవర్ సప్లై మీద పేరున్న చాలా కంపెనీలు దాన్ని సొంతంగా తయారు చేయవు. సీసానిక్, సూపర్ ఫ్లవర్, సీడబ్ల్యూటీ, ఎఫ్‌ఎస్‌పీ, గ్రేట్ వాల్ లాంటి తయారీదారులు చేస్తారు, వీళ్లలో కొందరు సొంత పేరుతోనూ అమ్ముతారు. ఒకే బ్రాండ్ తన ఖరీదైన సిరీస్ ఒకరి దగ్గర, చవక సిరీస్ ఇంకొకరి దగ్గర చేయించుకోవచ్చు. అందుకే "ఫలానా బ్రాండ్ మంచిది" అన్న మాటకి అర్థం లేదు, ఏ సిరీస్, ఎన్ని వాట్లు, ఏ సంవత్సరం వెర్షన్ అన్నది పూర్తిగా చెప్పుకోవాలి. ఒకే పేరుతో లోపల డిజైన్ మార్చి అమ్మిన సందర్భాలూ ఉంటాయి.

ఆ మోడల్‌కి స్వతంత్ర సమీక్ష వెతకండి. డబ్బా విప్పి చూపించే వీడియో సమీక్ష కాదు. లోడ్ టెస్టర్, ఆసిలోస్కోప్ పెట్టి కొలిచినది కావాలి. అందులో రెండు అంకెలు చూడండి. మొదటిది రిపుల్, అంటే బయటికొచ్చే డీసీలో మిగిలిపోయే సన్నటి ఎగుడుదిగుడు. ఏటీఎక్స్ ప్రమాణం 12 వోల్టుల మీద 120 మిల్లీవోల్టుల దాకా ఒప్పుకుంటుంది, మంచి యూనిట్లు పూర్తి లోడ్‌లో కూడా అందులో సగం కంటే తక్కువే చూపిస్తాయి. రెండోది వోల్టేజ్ నియంత్రణ. లోడ్ పెరిగినప్పుడు 12 వోల్టులు ఎంత పడిపోతున్నాయన్నది ఇది చెప్తుంది. ప్రమాణం కొంత వెసులుబాటు ఇస్తుంది, కానీ మంచివి ఒక శాతం చుట్టూనే ఉంటాయి.

తర్వాత రక్షణలు. వోల్టేజ్ పెరిగినా తగ్గినా, కరెంటు మితిమీరినా, షార్ట్ సర్క్యూట్ అయినా, మొత్తం లోడ్ దాటినా, లోపల వేడెక్కినా, ప్రతిదానికీ పీఎస్‌యూ తనంతట తాను ఆగిపోవాలి. ఓవీపీ, యూవీపీ, ఓసీపీ, ఎస్‌సీపీ, ఓపీపీ, ఓటీపీ అని రాసేది వీటినే. చవక యూనిట్లలో ముందు ఎగిరిపోయేది ఓటీపీ, అంటే వేడి రక్షణ. అది లేకపోతే ఫ్యాన్ ఆగిపోయిన రోజున పీఎస్‌యూ కాలిపోయేదాకా నడుస్తూనే ఉంటుంది.

లోపలి విషయాల్లో 105 డిగ్రీల రేటింగ్ ఉన్న కెపాసిటర్లు, 3.3 వోల్టులూ 5 వోల్టులూ విడిగా తయారుచేసే డీసీ-డీసీ డిజైన్ ఉన్నాయా చూస్తే చాలు. వారంటీ కూడా ఒక మంచి కొలతే. ఏడేళ్లో పదేళ్లో హామీ ఇస్తున్నారంటే అది అంతకాలం నిలుస్తుందని వాళ్లకి నమ్మకం ఉందన్నమాట.

6. కేబుళ్లు సరిపోతాయో లేదో కొనకముందే చూడండి

మదర్‌బోర్డుకి 24 పిన్ల కేబుల్, ప్రాసెసర్‌కి 4+4 పిన్ల ఈపీఎస్ కేబుల్, కార్డుకి 6+2 పిన్లవో 16 పిన్లదో. మదర్‌బోర్డు మీద ప్రాసెసర్‌కి రెండు సాకెట్లు ఉన్నా మామూలు వాడకానికి ఒక 8 పిన్ సరిపోతుంది. కార్డు వైపు ఒక్కో 8 పిన్ కనెక్టర్ రేటింగ్ 150 వాట్లు. కార్డుకి రెండు మూడు సాకెట్లుంటే ఒక్కోదానికి పీఎస్‌యూ నుంచి విడి కేబుల్ వేయండి, ఒకే కేబుల్ చివర వేలాడే రెండో కనెక్టర్‌ని పెద్ద కార్డులకి వాడకపోవడమే మంచిది.

16 పిన్ల కనెక్టర్ ఒక్కటే 600 వాట్ల దాకా మోస్తుంది. 2022లో ఆర్‌టీఎక్స్ 4090 కార్డుల దగ్గర ఇది కరిగిపోయిన ఘటనలు వచ్చాయి, ప్లగ్ పూర్తిగా లోపలికి వెళ్లకపోవడం అందులో ఒక ముఖ్య కారణం. తర్వాత వచ్చిన 12వీ-2×6 రకంలో సెన్స్ పిన్లు (ప్లగ్ కూర్చుందో లేదో కార్డుకి తెలిపే చిన్న పిన్లు) పొట్టివి చేశారు, సరిగా కూర్చోకపోతే కార్డుకి పవర్ రాకుండా ఉండటానికి. అయినా జాగ్రత్త మనదే: ఖాళీ కనిపించకుండా చివరిదాకా నొక్కండి, కనెక్టర్ దగ్గర మూడు నాలుగు సెంటీమీటర్ల వరకు కేబుల్‌ని వంచకండి, వీలైతే అడాప్టర్ కాకుండా పీఎస్‌యూతో నేరుగా వచ్చిన 16 పిన్ కేబుల్ వాడండి.

ఇప్పుడు చెప్పేది మాత్రం దయచేసి గుర్తుపెట్టుకోండి. మాడ్యులర్ పీఎస్‌యూ (కేబుళ్లు ఊడదీసి పెట్టుకోగలిగేది) కేబుళ్లని ఒకదానివి ఇంకొకదానికి వాడకండి. కనెక్టర్ సరిగ్గా పట్టేసినా పీఎస్‌యూ వైపు పిన్ల అమరికకి ఏ ప్రమాణమూ లేదు, ఒకే బ్రాండ్‌లో రెండు సిరీస్‌లకి కూడా తేడా ఉండొచ్చు. 5 వోల్టులు రావాల్సిన చోట 12 వోల్టులు వస్తే ఎస్‌ఎస్‌డీ, హార్డ్ డిస్క్ ఆ క్షణంలోనే పోతాయి, వాటిలోని ఫోటోలూ ఫైళ్లూ కూడా. పాత పీఎస్‌యూ తీసేసి కొత్తది పెడుతుంటే కేబుళ్లు కూడా అన్నీ మార్చండి, ఎంత విసుగ్గా ఉన్నా.

7. సైజు, యూపీఎస్, చివరి పరీక్ష

ఏటీఎక్స్ పీఎస్‌యూ వెడల్పు 150 మిల్లీమీటర్లు, ఎత్తు 86, పొడవు మాత్రం 140 నుంచి మోడల్‌ని బట్టి పెరుగుతుంది. క్యాబినెట్ ఎంత పొడవు ఒప్పుకుంటుందో చూసి కేబుళ్లు తిరగడానికి ఇంకాస్త చోటు వదలండి. చిన్న క్యాబినెట్లకి 125 × 63.5 × 100 సైజున్న ఎస్‌ఎఫ్‌ఎక్స్ కావాలి.

యూపీఎస్ వాడేవాళ్లు దాని వీఏ అంకెని కాక వాట్ల అంకెని చూడాలి, రెండూ ఒకటి కావు. ఇప్పటి పీఎస్‌యూలలో యాక్టివ్ పీఎఫ్‌సీ (గోడ నుంచి కరెంటు లాగే తీరుని సరిచేసే సర్క్యూట్) ఉంటుంది, కొన్ని చవక యూపీఎస్‌లు ఇచ్చే మెట్ల ఆకారపు వేవ్‌తో అవి పవర్ పోయిన క్షణంలో ఆగిపోవచ్చు. ప్యూర్ సైన్ వేవ్ యూపీఎస్ అయితే ఆ బాధ ఉండదు. పీఎస్‌యూ వెనక 115/230 అని ఎర్ర స్విచ్ కనిపిస్తే దానర్థం అది పాత డిజైన్ అని, కొనకండి. సెకండ్ హ్యాండ్‌వి కూడా నేను సిఫార్సు చేయను, లోపల కెపాసిటర్లు ఎంత అరిగాయో బయటి నుంచి తెలుసుకునే దారి లేదు.

బిగించేటప్పుడు క్యాబినెట్ అడుగున జాలీ ఉంటే ఫ్యాన్ కిందికి ఉండేలా పెట్టండి, చల్లగాలి బయటి నుంచి వస్తుంది. అంతా అయ్యాక, షాపులో వెనక్కి ఇచ్చే గడువు ఉండగానే, మీ దగ్గరున్న అన్నిటికంటే బరువైన గేమ్‌ని ఒక గంట ఫ్రేమ్ రేట్ పరిమితి లేకుండా ఆడి చూడండి. టెంపరేచర్లు మామూలుగా ఉన్నా పీసీ ఒక్కసారిగా ఆగిపోతే, కాలిన వాసన వస్తే, లోపల నుంచి టిక్ టిక్ శబ్దం వస్తే వెంటనే ప్లగ్ తీసి మార్చుకోండి. ఏమైందో చూద్దామని పీఎస్‌యూ మూత మాత్రం విప్పకండి, ప్లగ్ తీసిన తర్వాత కూడా లోపలి పెద్ద కెపాసిటర్‌లో ప్రాణం తీసేంత చార్జ్ మిగిలి ఉండొచ్చు.