అఫ్లాటాక్సిన్‌కు చలించని కణాలు: మేం కణాలనే మార్చాం

వేరుశనగ బూజులో పుట్టే అఫ్లాటాక్సిన్ బి1 కాలేయ కణంలో క్యాన్సర్‌కు ఎలా బీజం వేస్తుందో చూడాలని హెప్‌జీ2 అనే, ప్రయోగశాలలో పెంచే కాలేయ కణాలతో మొదలుపెట్టాం. మోతాదు పెంచినా, డీఎన్ఏ తెగిన చోట మెరవాల్సిన గామా-హెచ్2ఏఎక్స్ చుక్కలు అంతంతమాత్రమే. విషం పాతదేమోనని కొత్త సీసా తెరిచాం, తేడా లేదు.

చిక్కు కణాల్లోనే ఉంది. అఫ్లాటాక్సిన్ నేరుగా డీఎన్ఏను పట్టుకోదు. సైటోక్రోమ్ పీ450 ఎంజైములు, ముఖ్యంగా వాటిలో 3ఏ4, 1ఏ2 రకాలు, దాన్ని ఎపాక్సైడ్ అనే చురుకైన రూపంగా మార్చాలి. డీఎన్ఏ అక్షరాల్లో ఒకటైన గ్వానైన్‌కు అతుక్కునేది అదే. హెప్‌జీ2లో ఈ ఎంజైములు చాలా తక్కువ. పైగా అవి కణితి కణాలు, అదీ పిల్లల్లో వచ్చే హెపటోబ్లాస్టోమావి. క్యాన్సర్ ఆరంభాన్ని వాటిలో వెతకడమంటే ఇల్లు కాలాక నిప్పురవ్వ కోసం వెతకడమే.

హెపాఆర్‌జీ అనే మరో రకం కాలేయ కణాలకు మారాం. ఇవీ కణితి నుంచి తీసినవే, కానీ పరిణతి చెందగలవు: రెండు వారాలు పెంచి, మరో రెండు వారాలు సుమారు 2 శాతం డీఎంఎస్ఓ అనే ద్రావణి కలిపిన ద్రవంలో ఉంచాలి. ఓపిక కావాలి, ఖర్చూ ఎక్కువే. సూక్ష్మదర్శినిలో బహుభుజి కణాలు, వాటి మధ్య తెల్లగా మెరిసే పైత్యనాళికల గీతలు, చుట్టూ పలచని పైత్యనాళ కణాలు కనిపించాయి. అయినా కంటిని నమ్మకుండా 3ఏ4 విరగ్గొట్టే మిడజోలామ్ అనే మందు వేసి ఆ ఎంజైము పనితీరు కొలిచాకే విషం వేశాం.

ఈసారి చుక్కలు స్పష్టంగా వచ్చాయి. కీటోకొనజోల్ అనే మందుతో 3ఏ4ను అడ్డుకున్న గుంటల్లో తగ్గాయి. అయితే పరిణతి చెందిన ఈ కణాలు పెద్దగా విభజన చెందవు, కాబట్టి కణితులను అణిచే పీ53 జన్యువులో, అఫ్లాటాక్సిన్ తరచూ దెబ్బతీసే 249వ కోడాన్ (మూడక్షరాల ముక్క) దగ్గర మార్పు స్థిరపడే తీరును వీటిలో చూడలేం. దానికి ఆరోగ్యకరమైన కాలేయం నుంచి పెంచిన ఆర్గనాయిడ్లు (అవయవాన్ని పోలిన చిన్న కణ ముద్దలు) సిద్ధం చేస్తున్నాం.